రెయిన్‌కోటు ఎక్కడుందో అమ్మినవాడికే తెలియదు

సీలేరులో ఉద్యోగం చేసేవాళ్లకి ఆన్‌లైన్ షాపింగ్ సరదా కాదు. సంతలో దొరకని వస్తువు కావాలంటే సెలవు పెట్టి, ఘాట్ రోడ్డు మీద బస్సులో నర్సీపట్నం పోయి రావాలి. జెన్‌కో పవర్ హౌస్ షిఫ్టువాళ్లయినా, సచివాలయం సిబ్బంది అయినా, ఆశ్రమ పాఠశాల టీచర్లయినా చివరికి ఫోన్‌లోనే ఆర్డరు పెడతారు. కాబట్టి కొనొద్దని చెప్పను. డబ్బు ఎవరి చేతికి పోతోందో చూసుకోమంటాను.

వర్షాలు మొదలయ్యే ముందు ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన చూసి నేనే ఒక రెయిన్‌కోటు ఆర్డరు పెట్టాను. 999 రూపాయలు యూపీఐలో ముందే కట్టాను. ఐదు రోజుల్లో వస్తుందన్నది పద్దెనిమిదో రోజున వచ్చింది. ఫొటోలో మందపాటి కోటు. కవర్లో భోజనాల బల్ల మీద పరిచే పల్చటి ప్లాస్టిక్ లాంటిది. పంపినవారి చిరునామా సూరత్‌ది, పేరు సైటు పేరు కాదు. ఫోన్ చేస్తే, ‘మేం ప్యాకింగ్ చేసి పంపుతాం సార్, డబ్బు మాకు కట్టలేదు కదా’ అన్నాడు. అతను చెప్పింది నిజమే.

డ్రాప్‌షిప్పింగ్ అంటే ఇదే. సైటు నడిపేవాడి దగ్గర గోడౌను లేదు, సరుకు లేదు. ఫొటోలు పెట్టి ప్రకటన ఇస్తాడు. మీ ఆర్డరు వచ్చాక మీ చిరునామా సప్లయర్‌కి పంపుతాడు, వస్తువు అక్కణ్నించి నేరుగా మీకొస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో సూరత్ చీరలు రీసెల్లింగ్ చేసే అక్కలదీ ఈ పద్ధతే. ఒకప్పుడు ఇలాంటి సరుకు అలీఎక్స్‌ప్రెస్ ద్వారా చైనా నుంచి వచ్చేది. 2020 నవంబరులో ఆ యాప్‌ను మన ప్రభుత్వం నిషేధించింది. పద్ధతి మాత్రం ఆగలేదు.

ఇది చట్టవిరుద్ధం కాదు, మోసమూ కానక్కర్లేదు. చిక్కంతా లెక్కలో ఉంది. ఉదాహరణకి 999 రూపాయల కోటు తీసుకోండి. సప్లయర్‌కి 350, కొరియర్‌కి 120, ప్రకటనకి 250 పోతే సైటువాడికి మిగిలేది 279. మీరు తిప్పి పంపితే వాడు 999 వాపసు ఇవ్వాలి, రిటర్న్ కొరియర్‌కి ఇంకో 120 పెట్టాలి. సప్లయర్ సరుకు వెనక్కి తీసుకోకపోతే నష్టం 840. అంటే ఒక్క రిటర్న్‌కి మూడు ఆర్డర్ల లాభం పోతుంది. అందుకే ఫోన్ ఎత్తరు. ‘200 ఇస్తాం, ఉంచేసుకోండి’ అని బేరం పెడతారు.

కొండమీద ఉన్నవాళ్లకి ఇది రెండింతల ఇబ్బంది. మీ పిన్‌కోడ్‌కి డెలివరీ ఉన్నంత మాత్రాన రిటర్న్ పికప్ ఉంటుందని లేదు. ‘మీరే పోస్టులో పంపండి’ అంటే ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ధర కన్నా ముందు ఈ సంగతి కనుక్కోండి. డెలివరీ అబ్బాయి ఫోన్ చేసేసరికి మీరు సిగ్నల్ లేని చోట ఉంటే ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని రాసి పార్సిల్ వెనక్కి పంపేస్తారు. వేరే నెట్‌వర్క్‌లో ఇంకో నంబరు కూడా ఇవ్వండి. క్యాష్ ఆన్ డెలివరీని మరీ నమ్మొద్దు. పార్సిల్ రాకపోతే మీ డబ్బు మిగులుతుంది గానీ, చాలాచోట్ల డబ్బు ఇచ్చాకే కవరు విప్పనిస్తారు.

కట్టేముందు పది నిమిషాలు పెట్టండి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైటులో సంస్థ అసలు పేరు, చిరునామా, గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలు ఉండాలి. వాట్సాప్ నంబరు, జీమెయిల్ తప్ప ఏమీ లేకపోతే వదిలేయండి. 15 అక్షరాల జీఎస్‌టీ నంబరు ఉంటే జీఎస్‌టీ పోర్టల్‌లో కొట్టి చూడండి. పేరు, రిజిస్ట్రేషన్ తేదీ కనిపిస్తాయి. మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: 37 మన ఆంధ్రప్రదేశ్‌ది, 24 గుజరాత్‌ది. చిరునామా విశాఖ అని రాసి నంబరు 24తో మొదలైతే ఎందుకో అడగండి. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే కోటు పది సైట్లలో పది ధరలకి కనబడొచ్చు.

తేడా వస్తే విప్పేటప్పుడు తీసిన వీడియో, ఆర్డరు స్క్రీన్‌షాట్, కవరు మీది లేబుల్ దాచుకోండి. ఫిర్యాదు రాతలో పెట్టండి. సైటువాళ్లు 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. వస్తువు చూపించినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనకూడదు. కదలిక లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. సైటే దొంగదైతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికి ఫోన్ చేయొద్దు. రీఫండ్ రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అడిగారంటే రెండో మోసం మొదలైనట్టే.

ఇంత చెప్పాక కూడా ‘ఆ 279 మనమే సంపాదిద్దాం’ అనుకునేవాళ్లు ఉంటారు, జీతాలు అలా ఉన్నాయి మరి. ప్రభుత్వ ఉద్యోగి అయితే 1964 ప్రవర్తనా నియమాలు ముందు చదవండి. అనుమతి లేకుండా వ్యాపారం కుదరదు. మిగతావాళ్లు ఒకటి చూసుకోండి. సూరత్‌వాడికి కొన్నవాళ్ల మొహం తెలియదు. మన కొలీగ్ ఒకామె గ్రూపులో చీరలు అమ్మితే, రంగు వెలిసిన రెండు చీరలు పట్టుకుని ఎదురు క్వార్టర్ వాళ్లు ఇంటికే వచ్చారు. సప్లయర్ ఫోన్ ఎత్తలేదు. ఆ డబ్బు ఆమె తన జీతంలోంచి ఇచ్చుకుంది.