తాత యెజ్డీకి కొత్త సైలెన్సర్లు

థర్మల్ ఇంజనీరింగ్ పరీక్షలో టూ-స్ట్రోక్ ఇంజన్ గురించి రెండు పేజీలు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయినా మా తాత బండి పిస్టన్ పట్టేసింది నా వల్లే. ఆ సంగతి రాస్తున్నా. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ళకి పనికొస్తుంది, లేనివాళ్ళకి కనీసం వైవాకి పనికొస్తుంది.

బండి యెజ్డీ రోడ్‌కింగ్, 1986 మోడల్. మాది శంషాబాద్. 2008లో ఎయిర్‌పోర్టు మొదలవ్వక ముందు తాత దీని మీదే కొత్తూరు, షాద్‌నగర్ తిరిగేవాడు. చెకోస్లొవేకియా జావా బళ్ళని మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1960 దశకం నుంచి తయారుచేసింది. తర్వాత యెజ్డీ పేరు పెట్టుకుని 1996 దాకా నడిచింది. 2022లో మళ్ళీ వచ్చిన యెజ్డీలు ఫోర్-స్ట్రోక్, వాటి సైలెన్సర్ దీనికి పనికిరాదు. దీనికి సిలిండర్ ఒక్కటే, కానీ ఎగ్జాస్ట్ పోర్టులు రెండు. అందుకే అటొకటి ఇటొకటి రెండు సైలెన్సర్లు.

ఐదేళ్ళకోసారి చేయించే ఆర్సీ రెన్యువల్ గడువు దగ్గరపడింది. పాత సైలెన్సర్లు అడుగున తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. "ఇన్‌స్పెక్షన్‌లో పాస్ కాకపోతే పాత ఇనుం కింద అమ్మేద్దాం" అన్నాడు నాన్న. తాత ఏం మాట్లాడలేదు, అరుగు మీంచి లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను ఆన్‌లైన్‌లో ఒక జత తెప్పించాను. మెరుపు బాగుంది, రేటు తక్కువ. వెనక నుంచి చూస్తే లోపలంతా డొల్ల, బాఫిల్ అనేదే లేదు. సౌండ్ అదిరిపోతుంది కదా అనుకున్నా (నిజం చెప్పాలంటే అదే కావాలనుకున్నా). బిగించి అవుటర్ సర్వీస్ రోడ్డు మీదికి తీశాను. మెయిన్ రోడ్డు మీద టూవీలర్లకి పర్మిషన్ లేదుగా. పది నిమిషాలు ఫుల్ థ్రాటిల్. ఉన్నట్టుండి ఇంజన్ బిగుసుకుపోయి వెనక చక్రం కీచుమని లాక్ అయింది. క్లచ్ నొక్కాను కాబట్టి పడలేదు.

బండి తోసుకుంటూ మా మెకానిక్ కాకా దగ్గరికి తీసుకెళ్ళా. సిలిండర్ విప్పి చూసి, "గీ డొల్ల సైలెన్సర్లు ఎవడు పెట్టమన్నడు బిడ్డా? బోర్‌కి ఇంకొక్క ఓవర్‌సైజే మిగిలింది, అది గూడ పోతుండె" అన్నాడు. అదృష్టం, పిస్టన్ పక్కన గీతలు పడ్డాయి తప్ప బోర్ బాగానే ఉంది.

ఎందుకిలా అయింది? టూ-స్ట్రోక్‌లో పొగ బయటికి పోతున్నప్పుడే కొత్త మిశ్రమం లోపలికి వస్తుంది, అందులో కొంత పొగతోపాటే పారిపోతుంది. పోర్టు తెరుచుకోగానే ఒక ప్రెషర్ వేవ్ పైపులో వెళ్ళి, దారి ఇరుకైన చోట తగిలి వెనక్కి వస్తుంది. అది సరైన టైముకి వస్తే పారిపోయే మిశ్రమాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. చిన్న లెక్క చూడండి. 5000 ఆర్‌పీఎంలో ఒక చుట్టుకి 12 మిల్లీసెకన్లు. ఎగ్జాస్ట్ పోర్టు 160 డిగ్రీలు తెరిచి ఉంటుందనుకుంటే 5.3 మిల్లీసెకన్లు. 400 డిగ్రీల సెల్సియస్ వాయువులో శబ్ద వేగం సెకనుకి సుమారు 520 మీటర్లు, అంటే ఆ వేవ్ రానూపోనూ 2.8 మీటర్లు తిరుగుతుంది. తగిలే చోటు 1.4 మీటర్ల లోపే ఉండాలి. అంటే బాఫిల్ శబ్దం తగ్గించే రేకు ముక్క మాత్రమే కాదు, ఇంజన్‌లో ఒక భాగం.

అది లేకపోతే గాలి ప్రవాహం మారుతుంది, కానీ కార్బ్యురేటర్ జెట్ మాత్రం పాతదే. మిశ్రమం లీన్ అయి వేడి పెరుగుతుంది. ఇక్కడే నాకు తట్టని సంగతి ఒకటుంది. మన బండికి 2టీ ఆయిల్ పెట్రోల్‌లోనే కలిపి పోస్తాం (నేను లీటరుకి 40 మి.లీ. వేస్తా). పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే. ప్లగ్ విప్పి చూస్తే సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. ఉండాల్సింది కాఫీ రంగు.

రెండో జత పుత్లీబౌలి వెళ్ళి చేత్తో పట్టుకుని చూసి తెచ్చాను, బాఫిల్ ఉన్నవి. ఈసారి కాకా పక్కన కూర్చుని చెప్పాడు, నేను చేశాను. పోర్టు దగ్గరి రింగ్ నట్‌కి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాం. దాన్ని హుక్ స్పానర్‌తోనే తిప్పాలి. ఉలి, సుత్తి పెట్టిన గుర్తులు మా నట్ మీద ఎప్పటివో ఉన్నాయి, ఎవరి పనో తాతకి తెలుసు కానీ చెప్పడు. పాత గాస్కెట్ తీసేసి కొత్తది పెట్టి, నట్‌ని మొదటి రెండు మూడు చుట్లు వేళ్ళతోనే ఎక్కించాలి. బిగుసుకుంటే వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. నట్ మర పోతే ఇంకోటి దొరుకుతుంది, సిలిండర్ మీది మర పోతే ఏం చేస్తాం?

పోయినసారి నా రెండో తప్పు వెనక బ్రాకెట్ దగ్గర. రంధ్రం అరంగుళం పక్కకి ఉంటే బోల్టుతో బలవంతంగా లాగి బిగించేశాను. అలా చేస్తే ఆ ఒత్తిడంతా పోర్టు దగ్గరి మర మీద పడుతుంది. వైబ్రేషన్‌కి కొన్నాళ్ళలో పైపు పగులుతుంది, లేదా నట్ వదులై పొగ లీకవుతుంది. ఈసారి అన్నీ వదులుగా ఉంచి, సైలెన్సర్ దానంతటది ఎక్కడ నిలుస్తుందో చూసి, మిగిలిన సందులో వాషర్లు వేశాం. బిగించే వరస కూడా ముఖ్యం: ముందు ఇంజన్ వైపు నట్, తర్వాత పైపు, సైలెన్సర్ కలిసే క్లాంపు, చివర్న బ్రాకెట్. ఇంజన్ వేడెక్కి చల్లారాక ఇంకోసారి బిగించాలి.

పాత బాఫిల్స్‌కి పట్టిన మసిని కాస్టిక్ సోడాలో నానబెట్టి కడిగి దాచాను. అవి ఉక్కువి కాబట్టి సరిపోయింది, అల్యూమినియం పార్టులు మాత్రం అందులో ముంచకండి, తినేస్తుంది. సోడాని నీళ్ళలో కొద్దికొద్దిగా వెయ్యాలి గానీ సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు. గ్లౌజులు, కళ్ళజోడు తప్పనిసరి.

ఇన్‌స్పెక్షన్‌లో బండి పాసైంది. ఆ రోజు సాయంత్రం తాత వెనక కూర్చుని పాల్మాకుల దాకా వచ్చాడు. దిగాక వంగి, ఎడమ క్లాంపు దగ్గర వేలు పెట్టి చూసి నల్ల చుక్క చూపించాడు. "ఇక్కడ కారుతుంది రా, చల్లారినాక బిగియ్" అన్నాడు.