కెపాసిటరు మార్చునపుడు పంచాయతీ సభ్యులు గమనింపవలసినవి

కార్యాలయములో ఫ్యాను మందగించినను, మంచినీటి మోటారు మీట వేయగనే మూలిగి ఆగిపోయినను, వీథిదీపము మినుకుమినుకుమనుచున్నను క్రొత్తది కొనవలెనని సభలో తీర్మానము వచ్చుట మేము పలు గ్రామములలో చూచితిమి. తరచుగా అచ్చట చెడినది కెపాసిటరు మాత్రమే. పనివారు దీనినే కండెన్సరందురు. విద్యుత్తును కొంతసేపు నిలువజేసి మరల విడుచు చిన్న సాధనమిది. మార్చువాడు పనివాడే అయినను, బిల్లు ఆమోదించువారు సభ్యులు గనుక, ఏది కొనవలెనో వారును ఎరిగియుండవలెను.

సీలింగు ఫ్యానుకు సాధారణముగా 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటరుండును, కొన్నింటికి 3.15. మైక్రోఫారడనునది దాని నిలువశక్తికి కొలత. దానిపై 440 వోల్టులని కూడ ముద్రించియుండును. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టులే గదా, 250 వోల్టులది చాలదా యని కొందరడుగుదురు. చాలదు. మోటారు తిరుగుచుండగా కెపాసిటరు కొనల నడుమ వోల్టేజి సరఫరాకంటె హెచ్చుగా నుండును. మరికొందరు ఫ్యాను వేగముగా తిరుగవలెనని పెద్ద సంఖ్య గలదానిని వేయింతురు. వేగము కొంత పెరిగినను, లోపలి సహాయక చుట్టలో కరెంటు హెచ్చి చుట్ట వేడెక్కి, తుదకు ఫ్యానే కాలిపోవచ్చును. కావున పాతదాని సంఖ్య ఎంతయో క్రొత్తదియు అంతే కావలెను. ఇటీవల వచ్చుచున్న బి.ఎల్.డి.సి. ఫ్యానులకు ఇట్టి కెపాసిటరు లేదు. వాని సంగతి వేరు.

నీటి మోటారు విషయమున మరింత మెలకువ కావలెను. సింగిల్ ఫేజు మోటారు పెట్టెలో తరచుగా రెండు కెపాసిటర్లుండును. ఒకటి స్టార్టింగు కెపాసిటరు. మోటారు కదలు కొద్ది సెకండ్లు మాత్రమే పనిచేయును. రెండవది రన్నింగు కెపాసిటరు. మోటారు తిరుగునంతసేపును పనిలో నుండును. మొదటిది రెండవదాని స్థానమున నిలువజాలదు. ఒక గ్రామములో రన్నింగు కెపాసిటరు దొరకక, చేతికి దొరికిన స్టార్టింగు కెపాసిటరునే బిగించిరి. అరగంట గడువకముందే అది వేడెక్కి పగిలి, లోని ద్రవము పెట్టెనిండ చిమ్మినది. ఆ సమయమున దగ్గర ఎవరును లేకపోవుట అదృష్టము. రెండు దినములు ఊరికి నీరు లేదు. మిగిలినదనుకొన్న సొమ్ము వ్యవసాయ బావులనుండి బిందెలు మోసిన స్త్రీల శ్రమక్రింద పోయినది.

ఎల్.ఇ.డి. వీథిదీపములలోను, మైకుసెట్టు ఆంప్లిఫయరులోను ఉండునవి వేరు రకము. వీనికి ధన, ఋణ కొనలు కలవు. ప్రక్కన చారయున్న కొన ఋణము. తలక్రిందుగా బిగించిన పేలును. తల ఉబ్బియున్నను, మైకులో ఎడతెగని ఝంకారము వినవచ్చినను వీనిని అనుమానింపవలెను. ఇచ్చట వోల్టులు పాతదానికి సమానముగా గాని, కొంత హెచ్చుగా గాని ఉండవచ్చును, తగ్గరాదు. వీనిపై 85 లేక 105 డిగ్రీలని ముద్రించియుండును. ఎండలో కాగు దీపపు డబ్బాలో 105 డిగ్రీలదే వేయింపవలెను. పది డిగ్రీల వేడి తగ్గిన కొలది దీని ఆయుర్దాయము ఇంచుమించు రెట్టింపగునని లెక్క. ఇక కరెంటు లోనికి వచ్చుచోట ఎక్స్ 2 అని ముద్రించిన కెపాసిటరున్నయెడల, దాని స్థానమున అదే ముద్ర గలదానినే వేయవలెను; అది చెడినను మంటలు రేగకుండునట్లు ప్రత్యేకముగా చేయబడినది. దీపపు సర్క్యూటును లక్కవంటి పదార్థముతో పోతపోసి మూసియున్నచో విప్పు ప్రయత్నము దండుగ.

మీట తీసినను కెపాసిటరులో విద్యుత్తు మిగిలియుండును. దానిని బల్బుద్వారా గాని, తగిన రెసిస్టరుద్వారా గాని ఖాళీచేసి, మీటరుతో చూచిన తరువాతనే పనివాడు చేయి పెట్టవలెను. స్క్రూడ్రైవరుతో కొనలు కలిపి మెరుపు చూపువారిని సభ్యులు వారింపవలెను.

కొనుటకు పోవునపుడు పాతదానిని వెంట తీసికొనిపోవలెను. సంఖ్య చెరిగియున్నచో మోటారు రేకుపై చూడవచ్చును. మోటారు కెపాసిటరుపై ఐ.ఎస్. 2993 అను ప్రమాణసంఖ్య ఉన్నదేమో పరికించి, మైక్రోఫారడ్లు, వోల్టులు, రకము మూడును బిల్లులో వ్రాయింపవలెను.