టెస్టు చేయించుకుంటే ఊరంతా తెలిసిపోతుందా?

ప్రశ్న: మాది కార్వేటినగరం పక్కన పల్లె సార్. పోయిన వారం బయట ఊర్లో ఒకామెతో కండోమ్ లేకుండా కలిశాను. అప్పట్నుంచి నిద్ర లేదు, ఎవరికీ చెప్పుకోలేకుండా ఉండాను. ఇక్కడ ల్యాబుకు పోతే అందరూ తెలిసినోళ్లే. వచ్చే నెల నిశ్చితార్థం. రిపోర్టు పెళ్లివాళ్ల చేతికి పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: ఒక్కసారి కలిసినంత మాత్రాన హెచ్‌ఐవీ వచ్చి తీరాలని లేదు. రాలేదని తేల్చేది మాత్రం పరీక్షే. 72 గంటల్లోపు డాక్టరును కలిసి ఉంటే, అవసరమనుకుంటే 28 రోజుల పాటు వాడే నివారణ మందులు రాసేవారు. మీకు ఆ గడువు దాటింది. ఇదే భయంతో ఉండి, ఇంకా గడువు మిగిలిన వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మిగతాది తర్వాత చదవచ్చు, ముందు ఆసుపత్రికి వెళ్లండి.

మీ ఊళ్లోనే టెస్టు చేయించుకోవాలని ఎక్కడా లేదు. తిరుపతి రుయా ఆసుపత్రిలోనో, చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలోనో హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షలు చేసే ఐసీటీసీ కేంద్రానికి వెళ్లండి. పరీక్ష ఉచితం. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా దాన్నే తుది ఫలితం అనుకోకండి. మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి. అప్పటిదాకా రక్తదానం చేయవద్దు. టెస్టు ఎలాగూ చేస్తారు కదా అని రక్తదాన శిబిరాలకు వెళ్లేవాళ్లున్నారు. అంతకంటే అన్యాయం లేదు.

ఇక రహస్యం సంగతి. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 5 ప్రకారం అన్నీ వివరించి, మీరు సరేనన్నాకే ఈ పరీక్ష చేయాలి. మీ సమ్మతి లేకుండా ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదని సెక్షన్ 8 అంటోంది. ల్యాబులో పనిచేసేది మీ మేనమామ కొడుకైనా సరే, నోరు జారితే ఈ చట్టం వర్తిస్తుంది.

పెళ్లి విషయంలో మాత్రం చట్టం మిమ్మల్ని పూర్తిగా వదిలిపెట్టదు. చెన్నైలోని ఒక ఆసుపత్రి తన హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టడంతో పెళ్లి ఆగిపోయిందని ఒకాయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. పెళ్లికూతురి ప్రాణం కూడా చూడాలి కదా అంటూ 1998లో కోర్టు ఆయనకు పరిహారం నిరాకరించింది. ఆ తీర్పులో వివాహ హక్కు గురించి అన్న మాటలు ఆ కేసుకు అవసరం లేనివని 2002లో కోర్టే స్పష్టం చేసింది. ఇప్పటి చట్టంలో సెక్షన్ 9 ఉంది. పాజిటివ్ వచ్చిన వ్యక్తి భాగస్వామికి చెప్పడని, ఆ భాగస్వామికి ముప్పు ఉందని నమ్మితే, ముందుగా అతనికి తెలియజేసి డాక్టరుగానీ కౌన్సెలర్‌గానీ భాగస్వామికి నేరుగా చెప్పవచ్చు. అదీ భాగస్వామికే, ఊరికి కాదు.

ఉద్యోగం పోతుందన్న భయం కూడా అక్కర్లేదు. హెచ్‌ఐవీ ఉందని పోలీసు ఉద్యోగం నిరాకరించడం చెల్లదని ఈ చట్టం రాకముందే మన ఉమ్మడి హైకోర్టు చెప్పింది.

నిశ్చితార్థం జరుపుకున్నా, పెళ్లి ముహూర్తం మాత్రం మూడు నెలల పరీక్ష అయ్యాకే పెట్టించండి. పెద్దవాళ్లకు సాకు ఏదైనా చెప్పండి, మీరు చేసుకోబోయే అమ్మాయిని మాత్రం చీకట్లో ఉంచకండి. అనుమానాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు, న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి. రెండూ టోల్‌ఫ్రీ నంబర్లే.