ఆపద సంకేతం: 406 మెగాహెర్ట్జ్

2009 సెప్టెంబరు 2న రచ్చబండ కార్యక్రమం కోసం చిత్తూరు జిల్లాకు బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ బెల్-430తో రేడియో సంబంధాలు తెగిపోయాయి. రాత్రంతా కబురు లేదు. మర్నాడు నల్లమలలోని పావురాలగుట్టపై శకలాలు దొరికాయి. అందులో ఉన్న ఐదుగురూ మరణించారు.

ఇలాంటప్పుడు ఆచూకీ చెప్పాల్సింది ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్. కూలిన తాకిడికి తనంతట తానే పనిచేసి 406 మెగాహెర్ట్జ్‌పై సంకేతం పంపాలి. కాస్పాస్-సార్సాట్ అనే గాలింపు-రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలు దాన్ని అందుకుంటాయి. ఈ వ్యవస్థకు మన దేశ నియంత్రణ కేంద్రం బెంగళూరులోని ఇస్రో ఇస్ట్రాక్‌లో ఉంది. 2009 ఫిబ్రవరి 1 నుంచి 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాలను ఉపగ్రహాలు స్వీకరించడం ఆపేశాయి. చాలామంది తడబడేది ఇక్కడే: దగ్గరికొచ్చిన గాలింపు విమానానికి దిశ చూపడానికి 121.5 ఇంకా వాడుకలోనే ఉంది.

గాలింపు బృందాలు మాట్లాడుకునే బహిరంగ వైర్‌లెస్‌ను ఎవరైనా వినగలరు. కాబట్టి కుటుంబానికి తెలియకముందే మృతుల పేర్లు అందులో పలకకూడదు.