"చెప్తాం" అంటారు, చెప్పరు

ప్రశ్న: కీబోర్డు వాయిస్తాను. మిర్యాలగూడ, కోదాడ ఆర్కెస్ట్రాల్లో ఆడిషన్‌కి వెళ్తే "చెప్తాం" అంటారు, మళ్లీ పిలవరు. నాలో లోపమేంటి సార్?
– ఓ పాఠకుడు, పెద్దవూర

జవాబు: వినకుండా లోపముందని ఎలా అనను? కొన్నిచోట్ల మనిషిని ముందే అనుకుని, ఆడిషన్ మొక్కుబడిగా పెడతారు. వద్దన్నంత మాత్రాన లోపమున్నట్టు కాదు: హార్మోనియాన్నే ఆకాశవాణి 1940లో వద్దంది, 1971లో గానీ ఆ పట్టు సడలించలేదు!

అయినా ఒకటి చూసుకోండి. పెళ్లి స్టేజీ మీద గాయని అప్పటికప్పుడు "స్కేలు దించండి" అంటుంది. ట్రాన్స్‌పోజ్ బటన్‌తో నెట్టుకురావచ్చు. పాట మధ్యలో స్కేలు మారితే మాత్రం వేళ్లే ఆదుకోవాలి. ఒకే పాటను మూడు నాలుగు స్కేళ్లలో సాధన చేయండి. సోలోలు తగ్గించి గొంతుకు చోటివ్వండి. చాలామంది ఆర్కెస్ట్రా నాయకులు చూసేది అదే.

మాఘమాసం ముహూర్తాల్లో వాళ్లకు మనుషులు దొరకరు. "ఎవరైనా రాకపోతే పిలవండి, కీబోర్డు నాదే తెచ్చుకుంటా" అని ఇప్పుడే చెప్పి ఉంచండి.