ప్రోగ్రాం రాతలో పెద్దబడి అక్షరం – మన లిపికి వచ్చిన చిక్కు
(హాస్కెల్ భాషపై ఒక పాఠం)

ఇంగ్లీషు మీడియం వాళ్ళకే కంప్యూటర్ చదువు వస్తుందనే భయం మన హాస్టళ్ళలో చాలామందికి ఉంది. ఆ భయంలో నిజం ఎంతో హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషను తీసుకొని చూద్దాం.

హాస్కెల్ ఎలా పుట్టింది?

గణితంలో మనం చదివే ప్రమేయాలతోనే ప్రోగ్రాం మొత్తం రాసే భాషలు కొన్ని ఉన్నాయి. 1980లలో ఇలాంటివి డజనుకు పైగా తయారయ్యాయి. 1987లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కలిసిన శాస్త్రవేత్తలు అందరికీ పనికివచ్చే ఒకే భాష కోసం కమిటీ వేసుకున్నారు. 1990లో మొదటి నివేదిక వెలువడింది. తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ (1900–1982) పేరునే భాషకు పెట్టారు.

రాత నియమాలు

ఏ గుర్తు ఎక్కడ రాయాలో చెప్పే నియమాలను సింటాక్స్ అంటారు. హాస్కెల్‌లో ప్రమేయం పేరు రాసి, ఖాళీ వదిలి, విలువ రాస్తే చాలు. బ్రాకెట్లు అక్కర్లేదు. పాఠం కోసం తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

వర్గం న = న * న

ఇప్పుడు 'వర్గం 5' అంటే 25. ఇలాంటి చిన్న విషయాల మీదే కమిటీలో పెద్ద వాదనలు జరిగేవి. సభ్యుడైన ఫిలిప్ వాడ్లర్ దీనిపై సరదాగా ఒక సూత్రం చెప్పాడు: అర్థం గురించి చర్చకు పట్టే కాలం కన్నా రాతతీరుకు రెట్టింపు, గుర్తులకు దానికి రెట్టింపు, వ్యాఖ్యల గుర్తులకు మళ్ళీ రెట్టింపు పడుతుందని!

రకాలు

అర్థాన్ని కాపాడేవి రకాలు. వీటిని టైప్స్ అంటారు. 'సీత వచ్చాడు' అనగానే మన చెవికి తప్పు తెలుస్తుంది. కర్తకు, క్రియకు పొంతన లేదు. హాస్కెల్ కంపైలర్ కూడా ప్రోగ్రాం నడవకముందే ఇలాంటి పొంతన చూస్తుంది.

ఉపకారవేతనాల జాబితా తయారుచేసే ప్రోగ్రాం ఒకటి ఉందనుకుందాం. రోల్ నంబరు 47, మార్కులు 47 – రెండూ అంకెలే. ఒకదాని స్థానంలో మరొకటి పడితే అర్హత ఉన్న పేద విద్యార్థి పేరు జాబితాలో ఉండదు. హాస్కెల్‌లో రెంటినీ వేర్వేరు రకాలుగా ప్రకటించవచ్చు:

మొత్తం :: మార్కులు -> మార్కులు -> మార్కులు

రెండు మార్కులు ఇస్తే మార్కులే వస్తాయని దీని అర్థం. ఇక్కడ రోల్ నంబరు ఇస్తే కంపైలర్ ఒప్పుకోదు. అయితే 6తో భాగించాల్సిన చోట 5తో భాగిస్తే ఆ తప్పును ఈ రకాలు పట్టవు. అది మనమే చూసుకోవాలి.

అన్నిటికీ రకం రాయడం భారం కాదా అని కొందరి వాదన. హిండ్లీ, మిల్నర్ అనే శాస్త్రవేత్తల పద్ధతి వల్ల చాలాచోట్ల మనం రాయకపోయినా కంపైలరే రకాన్ని కనిపెడుతుంది. మరి పూర్ణాంకాలకు, దశాంశాలకు ఒకే '+' గుర్తు ఎలా వాడాలి? వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ 1989లో ప్రచురించిన 'టైప్ క్లాస్' పద్ధతి దీనికి జవాబు. కూడిక చేయగల రకాలన్నీ ఒక తరగతి కింద చేరతాయి.

మన లిపికి వచ్చిన చిక్కు

హాస్కెల్‌లో రకం పేరు పెద్దబడి అక్షరంతో, ప్రమేయం పేరు చిన్నబడి అక్షరంతో మొదలుకావాలి. చూడగానే ఏది ఏమిటో తెలుస్తుంది కాబట్టి ఇది మంచి నియమమే. కానీ తెలుగులో పెద్దబడి, చిన్నబడి తేడా లేదు. హిందీ, తమిళం, జపనీస్ లిపులకూ లేదు. హాస్కెల్‌కు ఎక్కువగా వాడే కంపైలర్ జీహెచ్‌సీ ఇలాంటి అక్షరాలను చిన్నబడి కింద లెక్కిస్తుంది. అంటే తెలుగు అక్షరంతో ప్రమేయం పేరు మొదలుపెట్టవచ్చు గాని, రకం పేరు మొదలుపెట్టలేం. పైన రాసిన 'మార్కులు' ఉన్నది ఉన్నట్టుగా రకం పేరు కాలేదు. ఇంగ్లీషు వాళ్ళకు కనబడని గోడ మనకు కనబడుతుంది.

కాబట్టి రాతతీరు చర్చ వట్టి కాలక్షేపం కాదు. ఆ చర్చలో ఎవరు కూర్చున్నారన్నది ముఖ్యం. భయంలో నిజం ఇంతే: నియమాలు ఇంగ్లీషు తెలిసినవాళ్ళు చేశారు. ప్రమేయం, పొంతన, తర్కం మాత్రం ఏ మీడియం సొత్తూ కావు. పైగా నియమాలు దేవుడు రాసినవి కావు. జీహెచ్‌సీలో మార్పు కోరుతూ ఎవరైనా లిఖితపూర్వకంగా ప్రతిపాదన పంపవచ్చు, అది బహిరంగంగా చర్చకు వస్తుంది.

మన నడిగూడెం కేంద్రంగా ఉన్న మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పడంలో ముందున్నారు. చరిత్ర, శాస్త్రాలు తెలుగువారికి తెలుగులోనే అందాలన్నది ఆయన పట్టుదల. కంప్యూటర్ శాస్త్రానికి ఆ పని ఇంకా మిగిలి ఉంది. హాస్కెల్ ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కాలేజీ ల్యాబులో ఒక గంట దొరికితే వర్గం లెక్కించే ప్రమేయంతోనే మొదలుపెట్టండి. ఇంట్లో మొదటిసారి పట్టా అందుకున్నవాళ్ళం మనం. నియమాలు నేర్చుకోవడంతో ఆగకుండా, నియమాలు చేసేచోట కూడా కూర్చోవాలి.

– పూర్వ విద్యార్థి, పి.జి. కంప్యూటర్ సైన్స్