ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌ను ఉపయోగించు విధానము

సోలాపూర్‌లో తువ్వాళ్ళు, దుప్పట్లు నేసే తెలుగు కుటుంబాలలో, పడుగులో తెగిన పోగును వేలికొసతో తడిమి గుర్తించగల పెద్దలు ఉన్నారు. అంతటి నేర్పు గల చేతులు కూడా ల్యాప్‌టాప్ ముందు తడబడవచ్చును. మనుమడి జనన ధ్రువపత్రం కోసం దరఖాస్తును సగం నింపిన తరువాత తెర హఠాత్తుగా వెనుకటి పుటకు మరలితే, శ్రమ అంతా వృథా అయినదని నిరాశ కలుగుతుంది. అప్పుడు ఆ పనిని రుసుము ఇచ్చి పరులకు అప్పగిస్తే, ఆధార్ సంఖ్యతో పాటు ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా వారి చేతికి చేరుతుంది. వేళ్ళ కదలికలను గురించి కొద్దిపాటి అవగాహన ఉన్నచో ఈ ఇబ్బంది తప్పుతుంది.

పలక పనిచేసే తీరు

కీబోర్డు క్రింద ఉండే నునుపైన పలకయే టచ్‌ప్యాడ్. ఆపిల్ సంస్థ తన ల్యాప్‌టాప్‌లలో అంతకుముందున్న చిన్న బంతికి బదులుగా, 1994లో పవర్‌బుక్ 500 శ్రేణిలో దీనిని అమర్చినది. వేలు తాకిన చోట విద్యుదావేశంలో కలిగే స్వల్పమైన మార్పును బట్టి పలక వేలి స్థానాన్ని గుర్తిస్తుంది. కావున వేలిని మెల్లగా ఆనించి జరిపితే చాలును. గట్టిగా అదమనవసరం లేదు. గోటితో తాకినా, చేతికి తొడుగు ఉన్నా పలక గుర్తించకపోవచ్చును. చేయి తడిగా ఉంటే తెరపై బాణం గుర్తు అటూ ఇటూ గంతులు వేస్తుంది.

ముఖ్యమైన కదలికలు

విండోస్ 10, 11 గల ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఈ క్రింది కదలికలు పనిచేస్తాయి.

1. ఒక వేలిని జరిపితే బాణం గుర్తు కదులుతుంది. ఒకసారి తట్టితే క్లిక్ అవుతుంది.

2. రెండు వేళ్ళతో ఒకేసారి తట్టితే రైట్ క్లిక్ అవుతుంది.

3. రెండు వేళ్ళను ఆనించి పైకి, క్రిందికి జరిపితే పుట కదులుతుంది.

4. రెండు వేళ్ళను దూరంగా జరిపితే అక్షరాలు పెద్దవవుతాయి. దగ్గరకు చేర్చితే చిన్నవవుతాయి. చూపు మందగించిన వారికి ఇది మిక్కిలి ఉపయోగకరం.

5. మూడు వేళ్ళను పైకి జరిపితే తెరచి ఉన్న కిటికీలన్నీ ఒకేచోట కనబడతాయి. క్రిందికి జరిపితే డెస్క్‌టాప్ కనబడుతుంది.

దరఖాస్తు నింపునప్పుడు జాగ్రత్తలు

బ్రౌజర్‌లో రెండు వేళ్ళు పక్కకు జరిగితే వెనుకటి పుట తెరుచుకొనవచ్చును. అట్లు జరిగినచో కంగారుపడక, వేళ్ళను ఎదురు దిశకు జరిపి చూడవలెను. నింపిన వివరాలు కొన్నిసార్లు నిలిచి ఉంటాయి, కొన్నిసార్లు ఉండవు. కావున వివరాలను ముందుగా కాగితంపై వ్రాసుకొనుట మేలు.

కొన్ని దరఖాస్తులలో సంఖ్య నింపిన గడిపై బాణం గుర్తు ఉండగా పుటను జరిపితే, ఆ సంఖ్యయే మారిపోవచ్చును. ఇంటి సంఖ్య, పుట్టిన సంవత్సరం, చెల్లింపు మొత్తం సరిగా ఉన్నవో లేవో సమర్పించే ముందు మరల చదువుకొనవలెను.

వెబ్ పుటలోని బటన్లకు ఒక్క తట్టు చాలును. రుసుము చెల్లించే బటన్‌ను ఒకసారి తట్టి, తెరపై సమాధానం వచ్చువరకు వేచి ఉండవలెను.

టైపు చేయునప్పుడు అరచేయి పలకపై ఆనకుండా చూసుకొనవలెను. బాణం గుర్తు అతివేగంగా కదులుతుంటే, విండోస్ 11లో సెట్టింగ్స్ తెరచి, బ్లూటూత్ అండ్ డివైసెస్, ఆ తరువాత టచ్‌ప్యాడ్ అను భాగానికి వెళ్ళి వేగాన్ని తగ్గించుకొనవచ్చును. పలక బొత్తిగా పనిచేయనిచో, కీబోర్డు పై వరుసలో టచ్‌ప్యాడ్ బొమ్మ గల మీట పొరపాటున నొక్కబడినదేమో చూడవలెను.

అభ్యాసము

అసలు దరఖాస్తుపై అభ్యాసం చేయరాదు. ఏదేని వార్తా పుటను తెరచి, పై కదలికలను వరుసగా రోజుకు 10 నిమిషములు సాధన చేయవలెను. తరువాత ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలెను.

1. అక్షరాలు చిన్నవిగా ఉంటే వేళ్ళను ఎట్లు జరపవలెను?

2. వెనుకటి పుటకు వెళ్ళిపోతే మొదట ఏమి చేయవలెను?

3. చెల్లింపు బటన్‌ను ఎన్నిసార్లు తట్టవలెను?